వేగవిద్యకు మొదటి మెట్టు

2005వ సంవత్సరము మార్చి 6వ తేదీన ఆస్ట్రేలియా దేశములోని మెల్బోర్న్ నగరమున ఫార్ములా వన్ మోటారు పందెము జరిగినది. అందు పదునైదవ స్థానమున గమ్యము చేరినవాడు నరేన్ కార్తికేయన్. ఆ శ్రేణి పందెములలో కారు తోలిన మొదటి భారతీయుడాయనయే. అది మొదలు 2025 వరకు గడచిన ఇరువది సంవత్సరములలో ఆ పందెపు బారున నిలిచిన భారతీయులు ఇద్దరు మాత్రమే. ఒకరు కార్తికేయన్, రెండవవారు 2010లో ప్రవేశించిన మదరాసు వాస్తవ్యుడు కరుణ్ చందోక్. నూట నలువది కోట్ల ప్రజలుగల దేశమునుండి ఇద్దరు! మన గోదావరి మండలములనుండి ఒక్కడును లేడు. ఇది పట్టించుకొననక్కరలేని సంగతి యని కొందరనవచ్చును. మేమట్లు తలంపము.

ఈ మాట వినగానే మా పాఠకులలో కొందరు నొసలు ముడుతురని యెరుగుదుము. తుపానునకు వరి నేలబడి, శివారు భూములకు కాలువనీరందక రైతు తల్లడిల్లుచుండ మోటారు పందెముల ప్రసంగమేల యని వారడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మా సమాధానమును స్పష్టమైనదే. మేము క్రొత్త దుబారాను కోరుటలేదు. జరుగుచున్న వ్యయమునకు మేలుదారి చూపగోరుచున్నాము. సంక్రాంతి మూడుదినములును భీమవరము మొదలు కోనసీమ వరకు కోడిపందెముల బరులలో చేతులు మారు ధనము కోట్లలో నుండునని అందరును చెప్పుకొనుచునే యున్నారు. చట్టము నిషేధించినను ఏటేట డేరాలు లేచుచునే యున్నవి. చేపల చెరువులమీదను, రొయ్యల చెరువులమీదను వచ్చిన ధనముతో గొప్ప కార్లు పల్లెలలో సైతము వెలసినవి. మీసము రాని బాలుడు తండ్రి మోటారు సైకిలు నెక్కి కాలువగట్టు రోడ్డుపై గాలివలె దూసికొనిపోవుట మనకు నిత్యదృశ్యము. ధనమున్నది, వేగమునందు మోజున్నది, ధైర్యమున్నది. లేనిది విద్య యొక్కటే.

ఆ విద్య యెంత దీర్ఘమైనదో, ఎంత కష్టసాధ్యమైనదో కార్తికేయన్ చరిత్రమే తెలుపును. ఆయన 1977 జనవరిలో మదరాసున జన్మించినవాడు, కుటుంబము కోయంబత్తూరుది. తండ్రి జి.ఆర్. కార్తికేయన్ మోటారు ర్యాలీలయందు దేశమున ప్రథమశ్రేణికి చెందినవాడు; దక్షిణభారత ర్యాలీని ఏడుమార్లు గెలిచినవాడు. ఇంటనే గురువున్నను బాలునకు తగిన పాఠశాల దేశమున దొరకలేదు. 1992లో, పదునైదేండ్ల ప్రాయమున, ఫ్రాన్సు దేశములోని ఎల్ఫ్ విన్‌ఫీల్డ్ పందెపు పాఠశాలకు పోవలసివచ్చెను. తిరిగివచ్చి మదరాసు సమీపమున శ్రీపెరుంబుదూరు బాటపై ‘ఫార్ములా మారుతి’ యను ఒంటిసీటు కారులో పందెములు తోలెను. పిమ్మట ఇంగ్లండునకు పోయి, 1994లో అచ్చటి ఫార్ములా ఫోర్డు శీతకాలపు పోటీలలో ప్రథముడై, ఐరోపాలో ఒక పోటీ శ్రేణిని గెలిచిన మొదటి భారతీయుడయ్యెను. 1996లో ఫార్ములా ఆసియా విజేతయయ్యెను. 1998 నుండి బ్రిటిషు ఫార్ములా త్రీ పందెములలో పోరాడెను. 2001 జూనులో సిల్వర్‌స్టోన్ బాటపై జాగ్వార్ జట్టువారి ఫార్ములా వన్ కారును పరీక్షార్థము తోలెను. జోర్డాన్ జట్టులో స్థానము లభించునప్పటికి 2005 వచ్చినది. పాఠశాల గడపనుండి మహాపందెపు గడప వరకు పదమూడు సంవత్సరములు పట్టినవి.

ఆ యేడు జూన్ 19వ తేదీన అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమున ఆయనకు నాలుగవ స్థానమును, 5 పాయింట్లును వచ్చెను. టైర్ల లోపముచేత మిషెలిన్ టైర్లుగల పదునాలుగు కార్లు వైదొలగగా, మిగిలిన ఆరు కార్లే ఆనాడు పరుగిడినవను సత్యమును దాచనక్కరలేదు. అయినను నిలిచినవానికే ఫలము. ఫార్ములా వన్ లెక్కలలో ఒక భారతీయుని పేర పాయింట్లు చేరుట అదియే మొదటిసారి. 2010లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదము నొసంగెను. 2011 అక్టోబరు 30న ఢిల్లీ సమీపమున గ్రేటర్ నోయిడాలో మొదటి భారత మహాపందెము జరిగినపుడు స్వదేశపు బాటపై కారు తోలిన ఏకైక భారతీయుడును ఆయనయే.

ఇందు మన వారు గమనింపవలసిన రహస్యమొకటి కలదు. కార్తికేయన్ తొలి పందెమును తోలిన ఆ ఫార్ములా మారుతి కారు ఏ విదేశీయ కర్మాగారమునుండియు రాలేదు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్లుల కుటుంబమునకు చెందిన ఎస్. కరివర్ధన్ అను నాతడు సాధారణమైన మారుతి కారు యంత్రమును గ్రహించి, దానిచుట్టును పందెపు కారును దేశముననే నిర్మించి, యువకులకు అందుబాటులోనికి తెచ్చెను. ఆతడు తన ధనమును, తన తీరికను, తన శిల్పజ్ఞానమును నేర్చుకొనువారికై వ్యయపరచెను. 1995లో విమాన ప్రమాదమున ఆతడు గతించెను. 2003లో కోయంబత్తూరు సమీపమున చెట్టిపాళయమువద్ద వెలసిన పందెపు బాటకు ఆతని పేరే పెట్టబడినది. స్వదేశీ యన్న మాటకు ఇంతకంటె చక్కని వ్యాఖ్యానము మాకు తోచుటలేదు.

కోయంబత్తూరు మిల్లులను నెలకొల్పిన నాయుడు కుటుంబములు పూర్వము తెలుగుదేశమునుండి దక్షిణమునకు తరలిపోయినవారి సంతతియని మా పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు. 1932లో ఇంగ్లండున భారతదేశపు మొదటి టెస్టు క్రికెట్టు జట్టునకు నాయకత్వము వహించిన సి.కె. నాయుడును నాగపురమున స్థిరపడిన తెలుగు కుటుంబమువాడే. పొరుగు నేలపై నాటుకొన్న తెలుగువాడు పచ్చగ పెరుగుచున్నాడు. అందుచే మన గింజలో లోపములేదని తేలుచున్నది. లోపము మన మడిలో నున్నది.

ఆ మడి యేదియో వివరింతుము. ప్రపంచమున నేటి మహాచోదకులలో పెక్కుమంది ఐదారేండ్లకో, ఎనిమిదేండ్లకో ‘కార్టు’ అను చిన్న పందెపు బండి యెక్కినవారు. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అను శిల్పి దీనిని మొదట నిర్మించెను. ఇది చూచుటకు ఆటబొమ్మవలె నుండును. నాలుగు చిన్నచక్రములు, ఇనుప గొట్టముల చట్రము, ఒక చిన్న యంత్రము, ఒక కుర్చీ, ఇంతియే. స్ప్రింగులు లేవు. మన యెడ్లబండి చక్రము ఇరుసుపై వేరుగ తిరుగును. కార్టున వెనుక ఇరుసుతోపాటు రెండు చక్రములును ఏకముగా తిరుగును. కావున మలుపున లోపలివైపు వెనుకచక్రము రవంత పైకి లేచినగాని బండి చక్కగ తిరుగదు. ఎచట బ్రేకు వేయవలెనో, ఎపుడు వదలవలెనో, బరువు ఏ చక్రముమీదికి పోవుచున్నదో, టైరు పట్టు ఏ క్షణమున జారుచున్నదో, ఇదియంతయు బాలునకు నడుమునకును అరచేతులకును తెలియవలెను. పుస్తకము చదివి నేర్చుకొను విద్య కాదిది. వీణ చేతబట్టిన బాలునకువలె సాధనచే పట్టుబడవలసినది. కార్తికేయన్ ఫ్రాన్సు పాఠశాలలో చేరు ప్రాయమునకే ఐరోపా బాలురు ఏడెనిమిది సంవత్సరములు కార్టులు తోలి రాటుదేలియుందురు. ఆ వెనుకబాటును పూరించుకొనుటకే మన వారి యౌవనమంతయు గడచిపోవుచున్నది.

ఇది కేవలము శ్రీమంతుల విలాసమనువారికి రెండు దృష్టాంతములు చాలును. ఏడుమార్లు ప్రపంచ విజేతయైన జర్మను దేశస్థుడు మైకేల్ షూమాకర్ తండ్రి ఇటుకలు పేర్చు తాపీపనివాడు. ఆతడు కెర్పెన్ పట్టణమున కార్టు బాటను చూచుకొను పనియందు కుదిరినందున బిడ్డకు బాట దొరకెను. అట్లే ఏడుమార్లు విజేతయైన లూయిస్ హామిల్టన్ తండ్రి కుమారుని కార్టు ఖర్చులకై ఏకకాలమున పలుపనులు చేసినవాడు. 1998లో, పదమూడేండ్ల ప్రాయమున, ఆ బాలుని మెక్‌లారెన్ జట్టువారు తమ పోషణలోనికి తీసికొనిరి. 2008లో ఆతడు ప్రపంచ విజేతయయ్యెను. ఈ విద్యకు ధనము కావలెను, నిజమే. కాని పైమెట్లకు కావలసిన ధనమును జట్లును, వ్యాపారసంస్థలును పెట్టుకొనుటకు ముందునకు వచ్చును. మొదటి మెట్టున బాలుడు కనబడినపుడే వారు వచ్చెదరు. ఊరిలో బాటయే లేకున్నచో ఆ బాలుడు ఎవరికి కనబడును? కార్టు బాటలుగల బెంగుళూరునుండి బయలుదేరిన కుశ్ మైని 2025 మే నెలలో మొనాకో వీథులలో ఫార్ములా టూ స్ప్రింటు పందెమును గెలిచెను. అది ఫార్ములా వన్‌కు ఒక్కమెట్టు క్రిందిది.

మరి మన ప్రభుత్వములు చేసినదేమి? 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదున హుస్సేనుసాగరపు టొడ్డున విద్యుత్కార్ల పందెము, ఫార్ములా ఈ, జరిగినది. ఫ్రెంచి చోదకుడు జాఁ ఎరిక్ వెర్ఞ్ గెలిచెను. మహీంద్రావారి స్వదేశీ జట్టు పరుగిడినందుకు సంతోషింపవలసినదే. కాని బారుతీరిన ఇరువదిరెండు కార్లలో ఒక్కదానియందైనను భారతీయ చోదకుడు లేడు. మన వీథులు, మన ధనము, మన చప్పట్లు. కారు తోలువాడు మాత్రము పరదేశి. మరుసటి యేడు జరుగవలసిన పందెము 2024 జనవరిలోనే రద్దయ్యెను. ఈ పందెముల యొప్పందము క్రింద చెల్లించిన సుమారు 55 కోట్ల రూపాయల విషయమై 2024 డిసెంబరున అవినీతి నిరోధకశాఖ కేసు నమోదు చేసెను. అందలి దోషాదోషములను నిర్ణయించుట న్యాయస్థానముల పని, మేము వేలుపెట్టము. గ్రేటర్ నోయిడా మహాపందెమును పన్నుల వివాదములనడుమ 2013తో ఆగిపోయెను. ఈ రెండింటినుండి నేర్వవలసిన పాఠమొక్కటే. మొదటి మెట్టు కట్టక శిఖరమున బంగారు కలశమెత్తినచో గాలివానకు కలశమే ముందుగ పడును. హైదరాబాదువాడైన అనిందిత్ రెడ్డి 2016లోను 2017లోను దేశీయమైన యూరో జె.కె. శ్రేణిలో వరుసగ ప్రథముడయ్యెను. తెలుగు బాలురలో శక్తి లేదనుట కల్ల. ఆతడు గెలిచిన ఆ పందెములకు తగిన శాశ్వతమైన బాట తెలుగు రాజధానులలో నొక్కటను లేకపోవుట మాత్రము నిజము.

మొదటి మెట్టున్నచో ఏమగునో మన కోనసీమయే చూపుచున్నది. 2000లో అమలాపురమున జన్మించిన సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి తండ్రి వ్యాయామోపాధ్యాయుడు. ఊరిలో బ్యాడ్మింటను ఆడు చోటుండెను. నేర్పు తండ్రి యుండెను. పైచదువునకు హైదరాబాదున పుల్లెల గోపీచంద్ నెలకొల్పిన శిక్షణాలయముండెను. ఫలితము లోకమెరిగినదే. 2023లో చిరాగ్ శెట్టితో కూడి ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును గెలిచి, జంటల ఆటలో ప్రపంచ ప్రథమస్థానము నందెను. ఆ యేడు ఏప్రిలులో జపానున కొలువబడిన ఆతని స్మాష్ దెబ్బ వేగము గంటకు 565 కిలోమీటర్లు. ఫార్ములా వన్ పందెములలో కారు అందుకొన్న అత్యధిక వేగము 372 కిలోమీటర్లే! గోదావరి పాయల నడుమ పుట్టిన బాలుని చేయి ఫార్ములా వన్ పందెపు కారులన్నిటికంటె వడిగ కదలించిన ఈకలబంతిని మనము కన్నులార చూచితిమి. ఇక మన బాలురకు వేగము చేతకాదని యెవరనగలరు? అమలాపురమున ఆట చోటు లేకున్నచో ఆ చేయి ఏ అడ్డపనిలోనో అరిగిపోయెడిది.

ఇందలి ప్రమాదమును మేము మరువలేదు. 2023 ఆగస్టున మదరాసు పందెపు బాటపై పదమూడేండ్ల బాలుడు మోటారు సైకిలు పందెమున పడి మరణించెను. బిడ్డల ప్రాణములతో చెలగాటమాడు బాట కంటె బాట లేకుండుటయే మేలు. కావున వైద్యుడును, ఆంబులెన్సును సిద్ధముగ లేనిదే ఒక్క చక్రమైనను కదలగూడదు. ప్రాయమునకు తగిన బండి, దేశీయ మోటారు క్రీడల సమాఖ్య అనుమతి, తలకును మెడకును రక్షణ, బాటప్రక్కన టైర్ల కట్టలు, ఇవి యేవియు తగ్గింపరానివి. కాని రెండవ ప్రమాదమును చూడుడు. 2022లో భారతదేశపు రోడ్లపై మరణించినవారు 1 లక్ష 68 వేలకు పైబడినవారని కేంద్ర ప్రభుత్వపు లెక్క. వారిలో వేగమునకు బలియైనవారే యెక్కువ. గోదావరి గట్టున పుట్టిన బిడ్డకు ఈత నేర్పక ఏటిలో దింపు తండ్రి యెవడును ఉండడు. ముందు చెరువున దింపి, నడుమునకు సొరకాయబుర్ర కట్టి, చేయిపట్టి నేర్పును. అట్టి తండ్రియే కుమారుని చేతికి వంద గుఱ్ఱముల బలముగల యంత్రపు తాళపుచెవి నిచ్చి జాతీయ రహదారిపైకి పంపుచున్నాడు. కార్టు బాటపై చేరిన బాలుడు మొదట నేర్చునది వేగము కాదు, బ్రేకు. పచ్చజెండాకు ముందు పసుపుజెండాను గౌరవించుట నేర్చును. బాటమీద వేగపు దాహము తీర్చుకొన్నవాడు రోడ్డుమీద నిదానించునని మా నమ్మకము.

కావున మేము భూస్వాములకును, పురప్రముఖులకును, ప్రభుత్వమునకును చేయు సూచనలివి. మొదటిది స్థలము. డెల్టా నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు వారును, తారుబాట నిలువదు. అదిగాక మూడుకారు మాగాణిని దీనికై పాడుచేయుట పాపము. రాజమహేంద్రవరమునకు ఎగువన మెట్టభూములున్నవి. కార్టు బాటకు కొన్ని యెకరములు చాలును. నోయిడాయందువలె వందల యెకరములు అక్కరలేదు. రెండవది నిర్వహణము. దీనిని ప్రభుత్వ శాఖకు అప్పగించినచో ఫైలు తిరుగును గాని చక్రము తిరుగదు. గోదావరి మండలములలోని ధనికులును, వర్తకులును సంఘముగ నేర్పడి, లెక్కలను ఏటేట పత్రికాముఖమున ప్రకటించుచు నడుపవలెను. ప్రభుత్వము భూమిని కౌలుకిచ్చి, రక్షణ నియమములను మాత్రము కఠినముగ పరీక్షించవలెను. మూడవది విద్యార్థి వేతనములు. ఏటేట పాఠశాలలలో పరీక్షించి, చేతివాటమును కనుచూపును గల బాలబాలికలను కులమత ధనభేదము లేక ఎన్నుకొని, కార్టు ఖర్చును సంఘమే భరింపవలెను. లేనిచో ఇది శ్రీమంతుల పిల్లల ఆటస్థలమగును. మేము దానికై కలము పట్టలేదు.

నాలుగవది కళాశాలల సంబంధము. పందెపు చోదకునివెనుక ఇరువది జతల చేతులుండును. యంత్రమును విప్పి బిగించువాడు, టైరు వేడిని కొలుచువాడు, గాలి ఒరపిడిని లెక్కించువాడు, అంకెలనుబట్టి లోపమును పట్టువాడు, వీరందరును కావలెను. కోయంబత్తూరు బాటపై దేశములోని యింజనీరింగు విద్యార్థులు తాము నిర్మించిన కార్లతో ఏటేట ‘ఫార్ములా భారత్’ పోటీకి కూడుచున్నారు. మన కాకినాడ, భీమవరపు విద్యార్థులకు అట్టి పనితావు ఇంటిచెంతనే యున్నచో పట్టా చేతబట్టి పట్టణములకు పరుగిడువారిలో కొందరైనను ఇచటనే నిలిచి వస్తునిర్మాణమునకు పూనుకొందురు. వందమంది బాలురలో ఒకడు చోదకుడు కాకున్నను, ఇరువదిమంది మంచి యంత్రజ్ఞులగుదురు. జాతికి ఆ లాభము చాలును.

రేపే ఒక గోదావరి బిడ్డ ఫార్ములా వన్ విజేత యగునని మేము జోస్యము చెప్పుటలేదు. కార్తికేయన్‌వంటి దీక్షాపరునకే పదమూడేండ్లు పట్టెను. నేడు బాట వేసినచో మన తరమునకు దక్కునది నీడ కాదు, మొక్క నాటిన తృప్తి మాత్రమే. కొబ్బరి మొక్క నాటు కోనసీమ రైతునకు ఈ తృప్తి క్రొత్త కాదు. కోయంబత్తూరున ఒక మిల్లు కుటుంబపు ధనము ఒక తరమునకు మెట్టు కట్టెను. గోదావరి పంటధనము ఆ మాత్రము చేయలేదా? రాబోవు సంక్రాంతికి ఒక్క బరిలో ఒక్క పూట ఒడ్డబడు సొమ్మును మన పెద్దలు ఈ పనికై వేరుగ పెట్టి చూపుదురుగాక. తక్కిన ధనమెట్లు సమకూర్చవలెనో అటుపిమ్మట ఆలోచింపవచ్చును. అందుకు మా పత్రిక పుటలు ఎల్లప్పుడును తెరచియే యుండును.